యోగా నేర్పేవాళ్లు ఊరి లొల్లిలో దిగొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హన్మకొండ జిల్లాలో ఒక ఊరు. గుడి మండపంలో పొద్దున అయిదున్నరకు ముప్పై మందికి యోగా నేర్పుతున్నారు. ఊరి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, మొరం పోసి ప్లాట్లు కొడుతున్నారు. యువజన సంఘం పిల్లలు మిమ్మల్ని ముందుండమంటున్నారు. మీకు నేర్పిన గురువుగారేమో సాధకుడికి రాజకీయం అంటు అంటున్నారు. ఈలోగా సర్పంచి ఎన్నికలు దగ్గరపడ్డాయి, పోటీలో ఉన్న ఒకాయన బ్యాచ్ మొత్తానికి మ్యాట్లు ఇప్పిస్తానని కబురు పెట్టిండు.

దిగొచ్చు. కానీ ముందు మ్యాట్లు వద్దనండి, చెరువు ముచ్చట గుడి మండపంలో మాట్లాడటం ఆపండి. ఈ రెండూ ఎందుకో తర్వాత చెప్తాను. గురువుగారి మాట కొట్టిపారేసేది కాదు, దానితోనే మొదలుపెడతాను.

హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం మొదటి ఉపదేశంలో, అంటే అధ్యాయంలో, యోగాన్ని చెడగొట్టేవి ఆరు అని ఉంది: అత్యాహారం, ప్రయాస, ప్రజల్పం, నియమాగ్రహం, జనసంగం, లౌల్యం. అతిగా తినడం, ఒంటికి మించిన శ్రమ, వాగుడు, నియమాల మీద మొండిపట్టు, జనంతో రాసుకుపూసుకు తిరగడం, నిలకడలేనితనం. ఎన్నికల నెలను ఇంతకంటే బాగా వర్ణించలేం. దావత్, నిద్రలేని రాత్రులు, వాట్సాప్, పంతం, గుంపు, పూటకో పార్టీ, ఆరూ హాజరే. గురువుగారు భయపడుతున్నది వీటి గురించే అయితే ఆయన మాటలో నూటికి నూరుపాళ్లూ పస ఉంది.

అయితే అదే ఉపదేశంలో, దీనికి మూడు శ్లోకాల ముందు, యోగి ఎక్కడ ఉండాలో చెప్తూ 'సురాజ్యే ధార్మికే దేశే సుభిక్షే నిరుపద్రవే' అన్నాడు ఆ గ్రంథం రాసిన స్వాత్మారాముడు. మంచి పాలన, ధర్మం, తిండికి కొదవలేకపోవడం, ఉపద్రవాలు లేకపోవడం. ఆ నాలుగూ ఉన్నచోట కుటీరం కట్టుకొమ్మన్నాడు. ఆ సురాజ్యం దానంతటదే రాదు కదా. ఎవరో ఒకరు చెరువు కట్ట తెగకుండా చూస్తేనే మీ కుటీరం నిలుస్తుంది. దూరంగా ఉండటం తప్పనను. ఇంకొకరు మోస్తున్నందువల్లే ఆ దూరం దొరికిందని మాత్రం మరిచిపోకూడదు.

ఇక యోగసూత్రాలు రాసిన పతంజలి. ఆయన్ను సమాజ సంస్కర్తను చేసి మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు, అది సరికాదు. ఆయన గమ్యం కైవల్యం, అంటే మోక్షం. ఊరిని ఎట్లా బాగుచేయాలో ఆయన చెప్పలేదు. కర్మను విడవకుండా, లోకసంగ్రహం, అంటే లోకహితం కోసం చేయమన్నది గీత, మూడో అధ్యాయంలో జనకుణ్ణి చూపిస్తూ. కానీ పతంజలి ఎనిమిది అంగాల్లో మొదటిది ఆసనం కాదు, యమం. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. ఎదుటి మనిషి లేకుండా అహింస, అస్తేయం పాటించే సందర్భమే రాదు. రెండో పాదం 31వ సూత్రంలో వీటికి జాతి, దేశం, కాలం, సందర్భం అనే మినహాయింపులు లేవన్నాడు. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే, 'మనోడు కదా', 'మన వాడకట్టు కదా', 'ఎలక్షన్ కదా' అనేవి చెల్లవు. 34వ సూత్రం ఇంకా పదునైంది. హింస మూడు రకాలు: కృతం, కారితం, అనుమోదితం. తాను చేసింది, ఒకరితో చేయించింది, చూసి సరేనన్నది. శిఖంలో మొరం టిప్పర్లు తిరుగుతుంటే మండపంలో కళ్లు మూసుకుని కూర్చోవడం ఆ మూడోదాని కిందికి వస్తుందా రాదా అన్నది మీకు మీరే తేల్చుకోవాలి. నా లెక్కన, తెలిసి, చేయగలిగి, ఊరుకుంటే వస్తుంది.

'అపుణ్యుల పట్ల ఉపేక్ష' అని మొదటి పాదం 33లో ఉంది కదా అని అడుగుతారు. అది మనసుకు చెప్పిన మందు. చెడ్డవాణ్ణి తలుచుకుని రాత్రంతా రగిలిపోకు, చిత్తం తేటగా ఉండదు అని దాని తాత్పర్యం. తహసీల్దారుకు దరఖాస్తు పెట్టొద్దని కాదు.

మన నేలమీద రెండు దారులూ ఉన్నాయి. కాకతి గణపతిదేవుడికి దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యుడు. 1261 నాటి మల్కాపురం శాసనం చూస్తే ఆయన నడిపిన గోళకీ అనే శైవ మఠానికి రుద్రమదేవి కాలంలో ఇచ్చిన ఊళ్ల ఆదాయంతో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, చదువు నడిచాయి. అధికారం పక్కన కూర్చున్న గురువు జనానికి పనికొచ్చిన సందర్భం అది. ఇటు బమ్మెర పోతన తన భాగవతాన్ని రాజులకు అంకితం ఇవ్వనన్నాడు. పక్కన కూర్చోకపోవడం కూడా రాజకీయ వైఖరే, పైగా గట్టి వైఖరి. నిజాం కాలంలో స్వామి రామానంద తీర్థ కాషాయం విడవకుండానే హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను నడిపి జైలుకు పోయిండు, 1952లో లోక్‌సభకూ వెళ్లిండు. అరవిందుడు దీనికి తలకిందులు. అలీపూర్ బాంబు కేసులో ఏడాది జైల్లో ఉండి, 1910లో పుదుచ్చేరి చేరాక 1920లో కాంగ్రెస్ అధ్యక్ష పదవి ఇస్తామన్నా రానన్నాడు. కాబట్టి 'యోగులు ఎప్పుడూ ఇట్లనే చేశారు' అని ఎవరైనా అంటే సగం చరిత్రే చెప్తున్నట్టు.

వీళ్లందరిలో మీకు ఎక్కువ పనికొచ్చే పాఠం వినోబా భావేది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అక్కడ భూదానం మొదలైంది. మనసు స్వచ్ఛం, మాట స్వచ్ఛం. కానీ తర్వాత దేశమంతా వచ్చిన దానాల్లో సర్వే లేనివి, హద్దులు లేనివి, వివాదంలో ఉన్నవి బోలెడు. చాలా భూమి పేదల చేతికి చేరనేలేదు, తెలంగాణలో భూదాన్ భూముల పంచాయితీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. హృదయ పరివర్తన సర్వే నంబరు పని చేయదు. యోగా నేపథ్యంతో ఊరి పనిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ప్రశాంతంగా, మంచిగా మాట్లాడితే ఎదుటివాడు మారతాడనుకుంటారు. కాగితం పెట్టుకోరు.

అందుకే చెరువు సంగతి కాగితంతో మొదలుపెట్టండి. మొదట మత్తడి, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు దగ్గరికి పోయి ఫొటోలు తీయండి, పక్కన టేపు పెట్టి ఎత్తు కనిపించేలా, తేదీ పడేలా. చెరువు పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్, మత్తడి అంచు ఎత్తును బట్టే ఉంటుంది. ఆక్రమించేవాళ్లు ముందు చేసే పని మత్తడిని కొంచెం పగలగొట్టడం. నీళ్లు కిందికి దిగిపోతాయి, శిఖం ఎండుతుంది, 'ఇక్కడిదాకా నీళ్లెప్పుడు వచ్చాయి' అని అడుగుతారు. తర్వాత రెండు సమాచార హక్కు దరఖాస్తులు. తహసీల్దారు ఆఫీసుకు ఒకటి: గ్రామ నక్షా (ఊరి పటం), ఆ సర్వే నంబరుకు సేత్వార్ (తొలి సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రిజిస్టరు) నకళ్లు. మండల స్థాయి కాబట్టి ఫీజు 5 రూపాయలు. జిల్లా నీటిపారుదల శాఖ ఆఫీసుకు మరొకటి: చెరువు విస్తీర్ణం, ఎఫ్‌టీఎల్ పటం. దానికి 10 రూపాయలు. గ్రామ పంచాయతీకి పెట్టే దరఖాస్తుకైతే ఫీజే లేదు. 'ఎందుకు చర్య తీసుకోలేదు' అని అడగొద్దు, అది నిలదీత అవుతుంది, సమాచారం కాదని తిప్పికొడతారు. నకళ్లే అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకుంటే తర్వాతి 30 రోజుల్లో అదే శాఖలో మొదటి అప్పీలు, అక్కడా కాకుంటే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. మీ చెరువు ఏ కోవలోకి వస్తుందో తేలకుండా మీటింగులో '30 మీటర్లు' అని అరవకండి. 22 ఎకరాల చెరువైతే ఆ ఒక్క తప్పుతో మీ మాట మొత్తం పోతుంది. సత్యవ్రతం అంటే గొప్ప గొప్ప సందర్భాలే గుర్తొస్తాయి గానీ, ఊరి పనిలో అది ఎక్కువసార్లు ఇట్లాంటి అంకెల దగ్గరే తెగుతుంది.

కాగితాలు చేతికొచ్చాక గ్రామసభ. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. చూసి చదవండి, నోటితో ఉపన్యాసం వద్దు. సర్వే నంబరు, విస్తీర్ణం, మత్తడి ఫొటో, కావలసిన తీర్మానం, అంతే. తీర్మానం పుస్తకంలో రాసేదాకా కదలకండి. అది కాకుంటే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి. రసీదు నంబరు లేకుండా బయటికి రావొద్దు.

దిగే ముందు ఒక పని ఉంది, చాలామంది దాన్ని దాటేస్తారు. ఇందాకటి 34వ సూత్రంలోనే హింసకు మూడు మూలాలు చెప్పాడు: లోభం, క్రోధం, మోహం. నోటుబుక్కులో మూడు గళ్లు గీసి రాయండి. లోభం గడిలో: చెరువు నిలిస్తే నా పొలానికి నీళ్లొస్తాయా, నా ప్లాటు ధర పెరుగుతుందా, నా బావమరిది ఎవరికైనా అడ్వాన్స్ ఇచ్చిండా. క్రోధంలో: ప్లాట్లు కొట్టేవాడితో పాత కక్ష ఏదైనా ఉందా. మోహంలో: ముందు నిలబడమని నలుగురు అడుగుతుంటే నాకెంత బాగుంది. మూడో గడి నింపేటప్పుడే చేయి వణుకుతుంది. ఇందులో ఏది రాసినా పని మానాల్సిన అవసరం లేదు. మొదటి గడిలో ఉన్నదాన్ని మాత్రం మొదటి మీటింగులోనే మీ నోటితో మీరే చెప్పేయండి. ఎదుటివాడు బయటపెడితే అదే మాట పదింతలవుతుంది.

సాధన సంగతి. ఎన్నికల నెలలో పూర్తి సాధన చేస్తానని పంతం పట్టొద్దు, నియమాగ్రహం ఆ ఆరింటిలో ఒకటని గుర్తుందిగా. పూర్తిగా మానొద్దు కూడా. ఇరవై నిమిషాలు చాలు: సూర్యనమస్కారాలు నెమ్మదిగా మూడు చుట్లు, కుంభకం (ఊపిరి బిగపట్టడం) లేకుండా నాడీశోధన, అంటే ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీయడం, తొమ్మిది చుట్లు, మిగతా సమయం ఊరకే కూర్చోవడం. గ్రామసభకు పోయే ముందు నాలుగు అంకెల్లో పీల్చి ఎనిమిది అంకెల్లో వదలడం, పదిసార్లు. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గుతుంది, గొంతు దిగుతుంది. ఇక్కడ జరిగే తప్పు, ఉత్సాహం వస్తుందని మీటింగుకు ముందు భస్త్రిక, కపాలభాతి లాంటి వేగంగా ఊపిరి కొట్టేవి చేయడం. నాలుగు గంటలే పడుకున్న మనిషికి అవి చురుకుదనం ఇవ్వవు, చిరాకును పైకి లేపుతాయి. బీపీ ఉన్నవాళ్లయితే వాటి జోలికే పోవద్దు. నినాదాలిచ్చి గొంతు రాసుకుపోయినప్పుడు, గొంతు బిగించి ఊపిరి తీసే ఉజ్జాయి ఆపేయండి. దావత్ తిన్న రాత్రి తెల్లారి ముందుకు వంగే ఆసనాలు తగ్గించండి, రాత్రి పదకొండున్నరకు తిన్న బిర్యానీ అయిదున్నరకు ఇంకా కడుపులోనే బరువుగా ఉంటుంది.

ప్రజల్పానికి మందు ఒక్కటే, గ్రూపులు విడగొట్టడం. యోగా గ్రూపులో క్లాసు టైము, సెలవు, అంతే. చెరువుకు వేరే గ్రూపు, చేరాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. కోపం తెప్పించిన మెసేజ్‌కు రాత్రి జవాబు రాసి పెట్టుకోండి, పొద్దున సాధన అయ్యాక చదివి అప్పుడు పంపండి. అట్లా చేస్తే సగం పంపాల్సిన అవసరమే రాదు.

ఇప్పుడు మండపం. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం 1988లో వచ్చింది. గుడి, మఠం, మసీదు, చర్చి ఆవరణలో పార్టీ పని గానీ, రాజకీయ స్వభావం ఉన్న ఏ సమస్య మీదైనా సభలు, వసూళ్లు గానీ జరగనివ్వకూడదు. శిక్ష అయిదేళ్ల జైలు, పదివేల రూపాయల జరిమానా దాకా ఉంది. బరువు ముందుగా పడేది గుడి నిర్వాహకుల మీద. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా ఆ పెద్దమనుషులను ఇరికించే హక్కు మీకు లేదు. యోగా అక్కడే చేసుకోండి. చెరువు మాటలకు బడి దగ్గరి రావిచెట్టు గద్దెకో, ఎవరి ఇంటి అరుగు మీదికో పోండి. క్లాసు అయిన వెంటనే అట్నుంచి అటే మీటింగు పెట్టొద్దు. మధ్యలో కనీసం అరగంట వదిలి, చోటు మార్చాలి. లేకుంటే ప్లాట్లు కొట్టేవాడి చెల్లెలు మీ బ్యాచ్‌కు రావడం మానేస్తుంది. ఆమె ఏం తప్పు చేసింది?

మ్యాట్లు. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండా జరుగుతుంది గానీ, ఎవరి వెనక ఏ పార్టీ ఉందో ఊళ్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. ఎన్నికల వేళ ఓటరుకు వస్తువు ఇవ్వడం ప్రలోభమే, తీసుకున్నవాళ్ల పేర్లూ రాసుకుంటారు. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఆయన మ్యాటు మీద శవాసనం వేసినవాళ్లు ఆయన ముందు చెరువు ముచ్చట ఎత్తలేరు. అపరిగ్రహం అన్న యమం చేసే పని ఇదే, నోరు తెరవగలిగేలా ఉంచడం. 'మావాళ్లు కొనుక్కున్నారు సార్, థాంక్స్' అనండి, వివరణ వద్దు. మ్యాట్లకు డబ్బులు లేకపోతే వరంగల్ కొత్తవాడ జంపఖానాలున్నాయి. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. నూలుది కాబట్టి చెమటకు జారదు, ఉతుక్కోవచ్చు, పెద్దది ఒకటి పరిస్తే నలుగురైదుగురు కూర్చోవచ్చు. అయితే గచ్చు మీద మోకాళ్లు ఆనించే ఆసనాలకు రెండు మడతలు వేయాలి.

జూన్ 21 విషయం కూడా ముందే తేల్చుకోండి. 2014 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి తీర్మానం చేసినప్పటి నుంచి అది ప్రభుత్వ కార్యక్రమం అయింది. నాయకులు వస్తారు, రావద్దనలేరు. రండి, కింద అందరితోపాటు కూర్చోండి అనండి. వేదిక కట్టొద్దు, మైకు ఒక్కటే ఉండాలి, అది నేర్పేవారి దగ్గరే ఉండాలి. ప్రభుత్వం ఇచ్చిన ఉమ్మడి క్రమం 45 నిమిషాలు. దానికి ముందూ వెనకా ప్రసంగాలు తగిలితే గంటన్నర అవుతుంది, ఎండ ఎక్కుతుంది. ఓంకారం, ప్రార్థన ఇష్టమైనవాళ్లు అంటారు, మిగతావాళ్లు ఆ నిమిషం మౌనంగా ఉంటారు. ఆ మాట మొదట్లోనే మామూలు గొంతుతో చెప్తే లొల్లి పుట్టదు.

మీ ప్రశ్న చివర 'అవసరమైతే నిరాహార దీక్ష' అని ఒక ముక్క రాశారు. దాని గురించి గట్టిగా చెప్పాలి. తెలంగాణ ఉద్యమకాలంలో ప్రతి చౌరస్తాలో రిలే దీక్షా శిబిరం చూసినవాళ్లం కాబట్టి మనకు అది తేలికగా కనిపిస్తుంది. రిలే దీక్ష, అంటే వంతులవారీగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేది, మంచి సాధనమే. అయినా ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లను, గర్భిణులను కూర్చోబెట్టొద్దు. వరంగల్ ఎండల్లో అయితే ఉప్పు, నీళ్లు తప్పనిసరి. ఆమరణ దీక్ష వేరే సంగతి. దాన్ని ప్రేమించేవాళ్ల మీదే చేయాలి, వాళ్లను దిద్దడానికే చేయాలి, ప్రత్యర్థి మీద కాదన్నది గాంధీ పెట్టుకున్న హద్దు. రియల్ ఎస్టేట్ వ్యాపారికి మీ మీద ప్రేమ లేదు. ప్రాణాయామం వచ్చు కాబట్టి ఎక్కువ రోజులు తట్టుకుంటానన్న నమ్మకం ఇంకా ప్రమాదం. ఊపిరి మీద పట్టు రక్తంలోని పొటాషియంను పట్టి ఉంచదు. విరమించేటప్పుడూ ప్రాణం పోవచ్చు. అయిదు రోజులకు మించి తినని మనిషికి ఒక్కసారిగా అన్నం, పళ్లరసం, గ్లూకోజ్ పట్టిస్తే ఫాస్ఫేట్, పొటాషియం అకస్మాత్తుగా పడిపోయి గుండె లయ తప్పుతుంది. నిమ్మరసం గ్లాసు ఫొటోలకు సరే. తర్వాత ఆసుపత్రిలో ముందు థయామిన్ (బి1 విటమిన్) ఇచ్చి, రోజూ రక్తపరీక్ష చేస్తూ, మామూలు తిండిలో పావు వంతు నుంచి మొదలుపెట్టి వారం రోజుల్లో పెంచాలి. ఒక ఊరి చెరువుకు ఆమరణ దీక్ష దాకా పోవాల్సిన పనిలేదు. కాగితాల దారి పూర్తిగా నడవకముందే దీక్షకు కూర్చుంటే అది తపస్సు కాదు, తొందర.

ఇక మీరే పోటీ చేయాల్సి వస్తే, నామినేషన్ వేసిన రోజునుంచి లెక్క వచ్చేదాకా క్లాసు ఇంకొకరికి అప్పగించండి. కళ్లు మూసుకోమంటే మూసుకునే ముప్పై మందికి మీ మాట మీద ఉన్న గురి ఓటు అడగడానికి సంపాదించింది కాదు. వాళ్ల ఇళ్లకు ప్రచారానికి పోతే అందరిళ్లకు పోయినట్టే పోండి, 'మన బ్యాచ్' అన్న మాట రానివ్వకండి. అప్పగించే మనిషిని ఇప్పుడే తయారుచేయడం మొదలుపెట్టండి, వారానికి ఒక రోజు ఆ మనిషే నడిపేలా. రెండు నెలలు పడుతుంది.

గెలిచినా ఓడినా, లెక్కింపు తెల్లారి క్లాసు రద్దు చేయొద్దు. ఆ రోజు ఎవరూ సరిగా పడుకుని ఉండరు, అందుకని ఆసనాలు పక్కనపెట్టి శవాసనంతో మొదలుపెట్టించండి, పదిహేను నిమిషాలు. దండలు, మిఠాయిలు మండపం బయటే. ఓడినవాళ్ల వైపు నుంచి నలుగురే వస్తే ఆ నలుగురికీ జంపఖానా మధ్యలో చోటు ఇవ్వండి, చివర్న కాదు. ఆ తర్వాతి సోమవారం ప్రజావాణి రసీదు పట్టుకుని మళ్లీ కలెక్టరేట్‌కు.